సంతకం పెట్టని మనిషి

ఆదివారం పొద్దున్నే గేటు చప్పుడైంది.

శ్రీనివాస్ కిటికీలోంచి తొంగి చూశాడు. ఎవరో ముసలాయన. వెలిసిపోయిన ఖాకీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు.

అప్పు పని మీద వచ్చేవాళ్లను శ్రీనివాస్ నడకలోనే పట్టేస్తాడు.

బూర్గంపాడు మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటు అతను. ముప్పై ఐదేళ్లొచ్చాయి. అమ్మా నాన్నా పోయారు, పెళ్లి కాలేదు. ఎవరికీ రూపాయి బాకీ లేడు, ఎవరికీ రూపాయి ఇవ్వడు. సిబిల్ స్కోరు ఏడువందల తొంభై. ఆ అంకె చెప్పేటప్పుడు అతని మొహం వెలిగిపోతుంది. చెప్పుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి లేడు, అది వేరే సంగతి.

ముసలాయన గేటు అవతలే నిలబడ్డాడు.

"సారూ, నా పేరు బొజ్జయ్య. పినపాక అడివిల వాచర్‌గ చేసి రిటైరైన. మీ నాయన రామ్‌సింగ్ నాకు ఎరుకే."

పని పడ్డ ప్రతివాడికీ నాన్న ఎరుకే, అనుకున్నాడు శ్రీనివాస్.

"ఏం పని పెద్దయ్యా?"

"గుండెకు ఆపరేషన్ చెయ్యాల్నన్నరు. పింఛన్ మీద బ్యాంకుల లోను అడిగిన. నౌకరి ఉన్నోళ్లు ఒకరు ష్యూరిటీ సంతకం పెట్టాల్నంట."

"నన్ను పెట్టమంటవా?"

"నాకు తెలిసినోళ్లంత రిటైరైన్రు బిడ్డా. నౌకరిల ఉన్నది నువ్వొక్కనివే."

శ్రీనివాస్‌కు కోపం రాలేదు. తెలియనివాళ్లకు తెలియజెప్పడం అతనికి ఇష్టమే.

"తప్పుగ అనుకోకు పెద్దయ్యా. అప్పు తీస్కో, కట్టుకో, గది వేరు. ఇంకొకరి అప్పుకు సంతకం పెట్టుడంత తెలివితక్కువ పని లేదు. వాడు కట్టకపోతే మన జీతంల కోస్తరు. ఏండ్లకేండ్లు కోస్తరు. గా బాధ నీకేం తెల్వదు."

ముసలాయన నవ్వాడు.

"అవ్ బిడ్డా. కోస్తరు."

ఇంకా ఏదో చెప్పబోయి, ఆగి, వరండాలోని కొత్త బండి వంక చూశాడు.

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లేదు. మంచిగ బతుకుతున్నవ్. రామ్‌సింగ్ ఉంటే సంబురపడేటోడు."

లోపలికి రమ్మని కానీ, మంచినీళ్లు తాగమని కానీ శ్రీనివాస్ అనలేదు. ఒకసారి గడప తొక్కనిస్తే మళ్లీ మళ్లీ వస్తారని అతని భయం.

ముసలాయన వెళ్లిపోయాక ఒక గ్లాసు బియ్యం కడిగి కుక్కర్లో పెట్టాడు. ఆ రోజు ఆ గేటు మళ్లీ చప్పుడు కాలేదు. ఆ వారమంతా కాలేదు.

రెండు నెలలకు ఖమ్మంలో ఫ్లాటు చూసుకుని, హౌసింగ్ లోను కోసం బ్యాంకుకు వెళ్లాడు.

బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలమ్మ ఒక కాగితం చేతికిచ్చింది.

"బిడ్డా, గీ ఫారం జర రాసి పెడ్తవా? మా ముసలాయన పింఛను నా పేర్న మార్సుకోవాలె."

కాగితానికి గుచ్చిన ఫోటో చూసి శ్రీనివాస్ ఉలిక్కిపడ్డాడు. వెలిసిన ఖాకీ చొక్కా.

"ఎప్పుడు పోయిండు?"

"నెలాయె. సంతకానికి ఎవలు దొరకలే. ఇంకొకల్ని అడుగుదమన్న. ఇగ వద్దు జంపక్కా, అన్నడు."

మరణించినవారి పేరు అన్నచోట కుంజా బొజ్జయ్య అని, భార్య పేరు అన్నచోట జంపక్క అని నింపాడు. తనను అడిగిన సంగతి ఆమెకు చెప్పలేదు. జాలి వేసిన మాట నిజమే. సంతకం పెట్టి ఉంటే ఈపాటికి ఆ అప్పు తన మెడకు చుట్టుకునేదని గుండె కుదుటపడిన మాట కూడా అంతే నిజం.

"సల్లగుండు బిడ్డా," అని ముసలమ్మ కౌంటరు వైపు వెళ్లింది.

మేనేజరు నాగలత కంప్యూటరు చూస్తూ మెచ్చుకుంది.

"స్కోరు చాలా బాగుందండీ. పాత చదువు లోను కూడా మొత్తం తీరిపోయింది."

"తీరుడు కాదు మేడమ్. మాఫీ అయింది."

తమ తండాలో అందరి పంట లోన్లూ మాఫీ అయిన ఏడాది అది. నాన్న పోయి, ఉద్యోగం దొరక్క, తను హైదరాబాదులో తిరుగుతున్న రోజులు. బ్యాంకు నోటీసులు తాళం వేసిన ఇంటికి వచ్చి పడేవి. తర్వాత అవీ ఆగిపోయాయి. తన లోనూ మాఫీలో పోయిందనుకున్నాడు.

నాగలత తల అడ్డంగా ఊపింది.

"చదువు లోన్లకు మాఫీ రాలేదండీ. మీకు ష్యూరిటీగా ఉన్నాయన జీతంలోంచి కట్ అయింది. నెలకు ఆరున్నర వేలు, నాలుగేళ్లు. ఒక్క నెల కూడా తప్పలేదు. అందుకే మీ స్కోరు నిలబడింది."

శ్రీనివాస్‌కు ఆ లోను తీసుకున్న రోజు గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ల వయసులో నాన్న వేలు పెట్టి చూపించినచోటల్లా సంతకాలు చేశాడు. ఇంకెవరు చేశారో చదవనే లేదు.

ఈ లోకంలో తనకెవరూ లేరని ఇన్నేళ్లూ ఒక్కడే వండుకుని ఒక్కడే తిన్నాడు. ఎవరో ఉన్నారు! తన కోసం నాలుగేళ్లు జీతం కోయించుకుని, ఒక్కసారి కూడా వచ్చి అడగని మనిషి ఉన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇవాళే ఆ ఇంటికి వెళ్లాలి. కాళ్లకు మొక్కాలి. పైసలు చేతిలో పెట్టి, వాళ్లింట్లో కూర్చుని ఒక పూట అన్నం తినాలి.

"ఎవరు మేడమ్ ఆయన? యాడుంటడు? చెప్పున్రి, ఇప్పుడే పోత."

నాగలత అలమారలోంచి పాత ఫైలు తీసి, చివరి కాగితం అతని వైపు తిప్పింది.

జామీనుదారు అన్నచోట, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని రాసినట్టు, కుంజా బొజ్జయ్య, ఫారెస్టు వాచరు, అని ఉంది.