ట్రాక్టర్ బ్యాటరీ

"అత్తను పడవ ఎక్కియ్యద్దు!" అని ధరణి గట్టు మీద నుంచి భర్తకు వినపడేలా అరిచింది.

పడవకున్న కరెంటు మోటరుకు ట్రాక్టర్ బ్యాటరీ బిగిస్తున్న సుంకప్ప తలెత్తి చూశాడు. వానలకు చెరువు నీళ్లు రోడ్డును ముంచేశాయి. పదకొండుకల్లా అవతలి గట్టు చేరి ధర్మవరం పోతేనే అతని తల్లికి డయాలసిస్ అందుతుంది.

"ఇది ట్రాక్టర్ ఇంజన్‌నే లేపుతాది. ఈ బుడ్డ మోటరు దీనికొక లెక్కా?"

"లేపేది ఒక్క క్షణం పని. తర్వాత ట్రాక్టర్ డీజిల్‌తో పోతాది. ఈ మోటరు గట్టు చేరేదాకా బ్యాటరీనే తాగుతాది. ఇంట్లో ఇన్వర్టర్‌కు తెచ్చిన కొత్త బ్యాటరీ ఉండాది కదా, అది పెడదాం."

"నువ్వేమన్నా మెకానిక్కా?"

"ఎండాకాలంలో ఇన్వర్టర్ పాత బ్యాటరీ చెడిపోతే దీన్నే ఫ్యానుకు పెడితివి. ఎంతసేపు తిరిగిందో ఎరుకనా?"

"కరెంటు వచ్చేదాకా తిరిగింది. మాయమ్మ హాయిగా నిద్రపాయ."

గట్టున కూర్చున్న అతని తల్లి వెంకటక్క నోరు విప్పింది. "అర్ధగంటకే ఆగిపాయరా. నువ్వు చేనికాడ ఉంటివి. పొద్దు వాలేదాకా ఈ పిల్లే నాకు విసనకర్రతో విసిరింది. చెప్తే కసురుతావని చెప్పలా."

సుంకప్ప చేతిలో స్పానర్ ఆగిపోయింది. అవతలి గట్టుకు ముప్పావు గంట పడుతుంది. చెరువు నడుమ రెండు నిలువుల లోతు.

బిగించిన వైర్లను ఒక్కొక్కటే విప్పాడు. గట్టెక్కి వచ్చి భార్య ఎదుట నిలబడ్డాడు.

"ఇంకా ఏమేం చెప్పకుండా పెట్టుకున్నావు?" అన్నాడు మెల్లగా.

ధరణి కొంగు నడుముకు దోపుకుంది.

"ముందు ఇంటికాడి బ్యాటరీ మోసుకొద్దాం పా. నీ ఒక్కనితో కాదు."