తల కింద అరచెయ్యి

తెల్లెలుక గింజలన్నీ తిని, పొట్టు గిన్నెలోనే వదిలేసింది.

"అత్తారింటికొచ్చిన అల్లుడివిరా నువ్వు! ఏరుకుని మరీ తింటావు," అన్నాడు బోనులు కడిగే బాబాయి.

ఆ ప్రయోగశాలలో ఆయన అందరికీ బాబాయే. భార్య పోయాక ఆయన కడుపునిండా మాట్లాడేది ఈ ఎలుకలతోనే.

డాక్టరమ్మ సూదితో వచ్చింది.

"ఇవాళ నీ అల్లుణ్ణి ఇయ్యి బాబాయ్."

"నిద్రమందేనామ్మా? ఫిట్స్ వస్తే మా ఆవిడకి ఇచ్చేవారు, ఆ రకమేనా?"

"దాని చుట్టమే. పని మాత్రం తిరగేసి చేస్తుంది. మెదడులో ఒక తాళంకప్ప ఉందనుకో. నిద్రమందు దాంట్లో దూరి ఇటు తిప్పుతుంది, మెదడు నెమ్మదిస్తుంది. ఇదీ దాంట్లోనే దూరి అటు తిప్పుతుంది. ఫిట్స్ వస్తాయి."

"ఒకే కప్పలోనా?"

"ఒకే కప్పలో."

బాబాయి అల్లుణ్ణి బోనులోంచి బయటికి తీశాడు.

"రెండు వైపులా తిరిగేలా ఎందుకు పెట్టాడమ్మా దేవుడు?"

"నన్నడిగితే? రోజూ ఆయనకి దణ్ణం పెట్టేది నువ్వు కదా."

సూది వేశాక అల్లుడు గాజుపెట్టెలో ఒక మూల నుంచి ఇంకో మూలకి తిరిగాడు. చెవులు వణికాయి. ఉన్నట్టుండి పక్కకి ఒరిగిపోయాడు. కాళ్ళు టపటపా కొట్టుకున్నాయి.

బాబాయి చెయ్యి పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఎలుక తల కింద ఆయన అరచెయ్యి.

"బాబాయ్! ముట్టుకోకూడదు! ప్రయోగమంతా పాడైపోయింది!"

"తల కొట్టుకుంటోందమ్మా."

డాక్టరమ్మ నిద్రమందు ఎక్కించింది. అల్లుడు నెమ్మదించాడు.

ఆమె గొంతు కూడా తగ్గింది.

"ఇంకోసారి ఇలా చేస్తే నిన్ను పై అంతస్తుకి పంపెయ్యాల్సి వస్తుంది బాబాయ్. అక్కడ సీసాలు కడగడమే."

సీసాలు పలకవు.

"చెయ్యనమ్మా," అన్నాడు.

ఆమె ఇంకో ఎలుకని అడిగింది. తెచ్చి ఇచ్చాడు.

అది పడిపోయినప్పుడు చేతులు రెండూ చంకల్లో బిగించుకుని నిలబడ్డాడు. దాని తల గాజుకి తగిలిన చప్పుడు వినిపించింది. మళ్ళీ వినిపించింది.

"ఇప్పుడు సరిగ్గా వచ్చింది. థాంక్స్ బాబాయ్," అంది డాక్టరమ్మ.

సాయంత్రం ఇంటికి వెళ్ళి దేవుడి పటం ముందు నిలబడ్డాడు. అడగాల్సింది పొద్దున డాక్టరమ్మనే అడిగేశాడు.

పక్క దులిపాడు. మంచానికి గోడ లేని వైపు, కింద నేల మీద, ఆవిడ ఉన్నప్పటిలాగే మెత్తటి దిండు వేశాడు.

తర్వాత మంచం ఎక్కి, గోడ వైపుకి బాగా జరిగి పడుకున్నాడు.