కూర్మన్నపాలెం ఆర్థర్ రాజు

కత్తి రాలేదు.

సుందర్ రాజ్ రెండు చేతుల్తో పిడి పట్టుకుని లాగేడు. రాలేదు. రాతికి కాలు తన్నిపెట్టి లాగేడు. నెత్తిమీది అట్ట కిరీటం ముక్కు మీదకి జారింది గానీ కత్తి కదల్లేదు.

కూర్మన్నపాలెం జంక్షనంతా నోరు తెరుచుకుని చూస్తంది.

స్టీల్‌ప్లాంటు కడతన్న రోజులు. ఏటా క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు సందేళ అక్కడ సుందర్ రాజ్ నాటకం. హార్బరులో ఇంగ్లండు నించొచ్చిన ఓ షిప్పువాడు చెప్పిన ఆర్థర్ రాజు కథని మనూరికి దింపీసేడు. రాజుగారు పోర్టులో క్రేను డ్రైవరు. గుర్రాలకి బదులు సైకిళ్ళు. వీరులు చుట్టూ కూర్చునే గుండ్రటి బల్లేమో, కేబుల్ చుట్టొచ్చిన చెక్క డ్రమ్ము.

జనానికి పిచ్చెక్కిపోయింది. గాజువాక నించి సింహాచలం దాకా పుట్టిన మగపిల్లడల్లా ఆర్థరే. అప్పన్న ఆర్థరు, నూకాలు ఆర్థరు. ఆ ఈలలకి సముద్రం బారెడు వెనక్కెళ్ళి, మర్నాటిక్కానీ తిరిగి రాలేదు.

అన్నిట్లోకీ రాతిలో కత్తి సీనంటే పడి చచ్చేవారు. ఎవడు లాగితే ఆడే రాజు, కిరీటం ఆడిదే. మైకులో సుందర్ రాజే చెప్పేవాడు. జనంలోంచి వస్తాదులొచ్చేవారు. చొక్కాలు చింపుకుని వెనక్కెళ్ళిపోయేవారు. ఆఖర్న సుందర్ రాజ్ వచ్చి, రాతిమీదకి వంగి, ప్రార్థన చేసుకున్నట్టు ఏదో గొణిగి లాగేవాడు. వచ్చీసేది.

ఊరంతా ఎగబడి చూసే ఆ సీను అతని పెళ్ళాం ప్రేమలీల మాత్రం చూసిన పాపాన పోలేదు. "మా యావిడికి జనమంటే బయ్యం" అనేవాడు సుందర్ రాజ్.

"రాజుగారూ! ఇయ్యాల అంబలి తాగొచ్చీసేరేటి?" ప్లాంటులో బరువులెత్తే రిగ్గరు జగ్గారావు అరిచేడు. జనం గొల్లుమన్నారు.

సుందర్ రాజ్ మళ్ళీ వంగేడు. "నానే. పరువు పోతంది. వొదిలీ."

"కత్తిని బతిమాలతన్నాడ్రోయ్!"

అప్పుడొచ్చేడు దేవకుమార్. నాటకంలో రాజుకి కుడిభుజం లాంటి వీరుడు. బయట కూడా అంతే. ఇద్దరిదీ ఒకే డ్యూటీ, ఒకే సైకిలు, ఒకే బీడీ. చుట్టరికం లేకపోయినా ఒకర్నొకరు బావా అనే పిలుచుకునేవారు. ఆ రాయి కూడా ఇద్దరూ కలిసే చేసేరు.

"బావా, ఓపాలి నాను సూడనా?" గట్టిగా అడిగేడు.

"నీ వొల్లేటవద్ది బావా? ఇది రాజు సేతికే వొస్తాది."

దేవకుమార్ వంగలేదు. గొణగలేదు. ఒంటిచేత్తో పిడి ముట్టుకున్నాడంతే. అరటితొక్క ఊడొచ్చినట్టు కత్తి వచ్చీసింది.

జనం ఈలలేసుకుంటా లేచేరు. జగ్గారావు ఎగబాకి, సుందర్ రాజ్ నెత్తిమీది కిరీటం పీకి దేవకుమార్‌కి పెట్టీసేడు. రూలు రూలే.

"ఏటి సేసేవు బావా?" సుందర్ రాజ్ అతని చొక్కా పట్టుకున్నాడు.

"నానేటీ సెయ్యలేదు బావా" అన్నాడు దేవకుమార్, నేలచూపులు చూస్తా.

ఇంతలో జనం అతన్ని భుజాలకెత్తుకుని డప్పులతో ఊరేగించుకుపోయేరు.

చప్పుడు మలుపు తిరిగేక సుందర్ రాజ్ ఆ బోలు రాయిని పక్కకి దొర్లించేడు. లోపల కూకుని, ఏటేటా మొగుడి గొంతు వినగానే కత్తికేసిన గడియ తీసే ప్రేమలీల, లేచి చీర దులుపుకుని, అతనికేసి చూడకుండా ఊరేగింపు ఎనకాలే నడిచెళ్ళిపోయింది.