సాక్షి చూసేదాకా

"సాక్షి చూపు పడేదాకా ఏదీ ఖాయం కాదు. సాక్షి వచ్చి చూస్తేనే..."

తలుపు అవతల మొగుడి గొంతు విని సుమన కుట్టుమిషను చక్రం పట్టుకుని ఆపేసింది. సగం కుట్టిన మాస్కు సూది కింద అలాగే ఉండిపోయింది.

వారం నుంచి ఇదే పేరు. ఫోను ముందు నిలబడి ఒకటే మురిసిపోవడం. సూరత్‌లో పుట్టి పెరిగిన సుమనకు సాక్షి అంటే ఆడపిల్ల పేరే. వాళ్ల గల్లీలోనే ఇద్దరున్నారు. ఒకతి మెహందీ పెడుతుంది, ఇంకొకతి స్కూటీ మీద ఊరంతా తిరుగుతుంది.

మొగుడు శ్యాంసుందర్ ఊరి బయట సచిన్ అనే చోట ఒక బడిలో సైన్సు టీచరు. కరోనా వచ్చినప్పటి నుంచి పిల్లలు రావడం లేదు. టీచర్లే వెళ్లి ఖాళీ గదుల్లో పాఠాలు వీడియో తీసి పంపుతున్నారు. పిల్లలు లేని బడికి ఈయనకు ఇస్త్రీ చొక్కా ఎందుకు? పెళ్లాం ఒక్కసారి డుమస్ బీచికి తీసుకుపొమ్మంటే మాత్రం కరోనా గుర్తొస్తుంది. సుమన అత్త వైపు తిరిగింది.

"అత్తమ్మా, విన్నవా నీ కొడుకు ముచ్చట?"

చిక్కుడుకాయలు తుంచుతున్న లింగవ్వ తలెత్తలేదు. "ఆడు పంతులు బిడ్డా. ఏదో ఒకటి వాగుతుంటడు."

"పాఠం గిట్లుంటదా? సాక్షి చూస్తె లోకమే మారుతదట!"

"మీ మామ గూడ పెండ్లైన కొత్తల గట్లనే అన్నడు." లింగవ్వ కిసుక్కున నవ్వింది. "అటెన్క మగ్గాల సాంచాలు చూసుకుంట నన్ను చూసుడే మర్షిండు."

ఆ నవ్వుతో సుమనకు ఇంకా ఒళ్లు మండింది. సూది కింది మాస్కును లాగి చేతిలో పట్టుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

"ఎవతది?"

శ్యాంసుందర్ ఉలిక్కిపడ్డాడు. "ఏది?"

"సాక్షి! వారం సంది అదే జపం. జర నాకు గూడ చూపియ్యి, ఎంత అందంగున్నదో చూస్త."

అతను ఒక్క క్షణం గుడ్లప్పగించి చూశాడు. తర్వాత పకపకా నవ్వుతూ మంచం మీద కూలబడ్డాడు.

"అరే, సాక్షంటే పిల్ల అనుకున్నవా? గవాయి! చూసేటోడు! ఆదివారం మన తెలుగోళ్ల గ్రూపుల క్వాంటం ఫిజిక్స్ మీద మాట్లాడమన్నరు. తెలుగుల చెప్పాలె గద, అందుకే సాక్షి అంటున్న."

 పుట్టింట్లోనూ అత్తింట్లోనూ సుమన విన్న మాట గవాయే. సాక్షి అంటే కూడా అదేనని ఎవరూ చెప్పలేదు. అయినా మనసు ఒప్పుకోలేదు.

"మీ బడిల గా పేరు పిల్ల లేదా మరి?"

"పిల్లలే లేని బడిల పిల్ల ఏడికెళ్లి వస్తదే?"

ఆమెకు నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. "అయితె చెప్పు. గవాయి చూస్తె మారుడేంది? వస్తువు ఉంటె ఉంటది, లేకుంటె లేదు."

"గదే కొట్లాట! పెద్ద పెద్దోళ్లే ఇంకా తేల్చలే. ఇసుక రవ్వ కన్న మస్తు చిన్న కణం తీస్కో. ఎవ్వరు చూడనంతసేపు అది ఈడున్నట్టే, ఆడున్నట్టే. చూస్తె ఒక్కకాడనే దొరుకుతది. మరి చూడకముందు ఏడున్నది? ఆ ప్రశ్ననే తప్పంటరు కొందరు."

"ఉత్త మాటలు." సుమన చేతిలోని మాస్కు ఎత్తి చూపించింది. "లిప్‌స్టిక్ పెట్టుకొని మూతికి ఇది కట్టుకున్న అనుకో. ఎవ్వరికి కనబడదు. అయితె లిప్‌స్టిక్ ఉన్నట్టా, లేనట్టా?"

"నువ్వు పెట్టుకుంటె గద! కరోనా వచ్చినంక దాని మూతనే తియ్యలే."

"చూసేటోడు లేంది ఎందుకని తియ్యలే. మాట మార్చకు. ఎవ్వరు చూడకున్నా ఉంటది. మాస్కు లోపల అంటుతది గద!"

శ్యాంసుందర్ చప్పట్లు కొట్టాడు. "శభాష్! ఇప్పుడు కొందరు గిదే అంటున్నరు. చూసెటందుకు మనిషే ఉండాల్నని లేదు. మరక పడ్డదంటె ఆ మరకనే సాక్షి. ఎవరొచ్చి చూసినా అదే కనబడాలె. గప్పుడే అది అందరి నిజం. లేకుంటె నీ నిజం నీది, నా నిజం నాది. ఆదివారం నీ మాటనే చెప్త!"

సుమన సిగ్గుతో చచ్చిపోయింది. మనిషి కూడా కాదు, ఒక మాటను చూసి ఇన్నాళ్లు కుళ్లుకుంది. తిండి సయించక, నిద్ర పట్టక, ఎన్ని శాపనార్థాలు పెట్టింది ఆ సాక్షికి!

"మాస్కులు మస్తు కుడుతున్నవట. స్టాఫ్‌ల ఇచ్చిన దానికి ఎంత మెచ్చుకున్నరో!" అన్నాడతను బయటికి వస్తూ.

మామ తెచ్చిన నీలం గుడ్డ పీసు మిగిలితే మొగుడికి ఒకటి కుట్టింది. స్టాఫ్‌లో అడిగారని, అచ్చం అలాంటిదే ఇంకొకటి కుట్టించుకుని పట్టుకెళ్లాడు. మెచ్చుకోలు వినగానే ఆమెకు మరింత ముచ్చటేసింది.

"ఏమాయె? దొరికిందా సవతి?" అంది లింగవ్వ.

"గవాయట అత్తమ్మా!" అని సుమన పగలబడి నవ్వింది. ఆ నవ్వుతోనే స్నానాల గదిలోకి వెళ్లి బకెట్లో వేడినీళ్లు పోసింది. మొగుడు బడి నుంచి రాగానే విప్పి పడేసిన చొక్కా తీసుకుని, జేబులో మడతపెట్టి ఉన్న నీలం మాస్కు పైకి తీసింది. ఆదివారం అంతమంది ముందు ఆయన తన మాట ఎలా చెబుతాడో ఊహించుకుంటూ, ఎప్పటిలాగే నీళ్లలో వేసే ముందు మాస్కును తిరగేసింది.

లోపల ఎర్రటి పెదవుల మరక ఉంది.