గాలి తీసేశావా?

గాలి ఒత్తిడితో రంగు గుళ్లు పేల్చే పెయింట్‌బాల్ తుపాకీ రెగ్యులేటర్ శుభ్రం చేయడానికి కూర్చోగానే, పక్క స్టూలు మీంచి తమ్ముడు ఎప్పట్లాగే అడిగాడు.

"గాలి తీసేశావా అన్నయ్యా?"

సిలిండర్ ఊడదీసినా లోపల కొంత గాలి మిగిలే ఉంటుంది; అలాగే విప్పితే మూత తూటాలా ఎగిరొస్తుంది. గోడవైపు తిప్పి, చప్పుడు ఆగేదాకా ట్రిగ్గర్ నొక్కాను.

"తీసేశాన్రా."

మూత విప్పి, నల్లబడ్డ గ్రీజు తుడిచి, అరిగిన రబ్బరు రింగు మారుస్తుంటే తుపాకీ తెచ్చినాయన వింతగా చూశాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావు మేస్త్రీ? పక్కన ఎవరూ లేరుగా."

"మా తమ్ముడండీ. ఒక పట్టాన నమ్మడు."

ఆయన ఖాళీ స్టూలు కేసి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ రోజూ వాడు ఇలాగే అడిగాడు. నేను టీ తాగుతూ, ట్రిగ్గర్ ముట్టుకోకుండానే "తీసేశాన్రా" అని చేతికిచ్చాను.

మారు మాట్లాడకుండా నమ్మి, మొహానికి దగ్గరగా పెట్టుకుని మూత విప్పాడు.