అవతల నిలబడేవాడు

పల్చటి చెక్కని చిత్రిక పట్టే మిషన్లోకి ఒక్కదాన్నే పంపితే తునాతునకలైపోతుంది. అందుకే ఆమె ఎప్పట్లాగే దాని కింద మందపాటి పలక అతికించి, వేళ్లు దూరంగా ఉంచుకుని, కర్రతో నెట్టింది. మిషన్‌కి అవతల బల్బు మాడిపోయి చీకటిగా ఉంది. అక్కడ నిలబడి చెక్కని అందుకోవాల్సిన మొగుడు పోయి ఏడాదవుతోంది. ఉన్నన్నాళ్లూ మాత్రం ఏం ఒరగబెట్టాడు? ఫోన్లో ముచ్చట్లాడుతూ ప్రతి చెక్కనీ నేలపాలు చేసేవాడు. పైగా "ఊఁ, ఇంకోటి పంపు" అన్నట్టు మిషన్ బల్లమీద రెండుసార్లు తట్టేవాడు.

చెక్క పూర్తిగా అవతలికి వెళ్లిపోయింది. అది దబ్బుమని పడే చప్పుడు కోసం ఆమె చెవులు రిక్కించింది. వినపడలేదు. మిషన్ ఆపేసి చూసింది. అయినా వినపడలేదు.

"బతికుండగా ఒక్కటంటే ఒక్కటి పట్టుకున్న పాపాన పోలేదు కదయ్యా, ఇప్పుడొచ్చావా?" అంది పళ్లు కొరుకుతూ.

చీకట్లో బల్లమీద ఎవరో రెండుసార్లు తట్టారు.