గోడకి అటువైపు

"అమ్మా, విజిటర్లు కింద హాల్లో కూర్చోవాలి," అంటూ టీమ్ లీడరు ఆఫీసుకొచ్చిన ఒకావిణ్ణి గుమ్మంలోనే ఆపేశాడు.

"విజిటర్ని కాదండీ. ఆసుపత్రి పంపిన ఆడిటర్ని."

లీడరు నాలుక్కరుచుకుని, తన కుర్చీయే తుడిచి ఇచ్చాడు.

ఆ ఆసుపత్రి బ్లడ్‌బ్యాంకు నడిచేది ఈ టీమ్ జావా భాషలో రాసిన సాఫ్ట్‌వేర్ మీదే. ఇవాళ పాత డేటాబేసు తీసేసి కొత్తది పెట్టాలి. పన్నెండుకల్లా రక్తదాతల పేర్లు తెర మీద కనబడకపోతే కాంట్రాక్టు ఇంకో కంపెనీకి పోతుంది. దాంతోపాటే టీమ్‌లోని ఆరుగురి ఉద్యోగాలూ.

"మొత్తం ఎన్ని ఫైళ్లు మారుస్తున్నారు?"

"నాలుగు వందల్లో పంతొమ్మిదే మేడమ్!" లీడరు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"మిగతావి?"

"వాటికి డేటాబేసు పేరు కూడా తెలీదు. ప్రోగ్రాము మధ్యలో ఒక గోడ ఉందనుకోండి. రూల్సూ లెక్కలూ గోడకి ఇటు. డేటా తెచ్చే ఫైళ్లు అటు. 'ఓ నెగటివ్ దాతలు కావాలి' అని కిటికీలో అడుగుతాం, తెచ్చిస్తాయి. ఎక్కణ్ణుంచి తెచ్చాయో మనకెందుకు? డేటాబేసు మారితే గోడకి అటువైపు మారిస్తే చాలు."

"మంచి ఆలోచన. ఎవరిది?"

"మా టీమ్‌దే. అంటే... నాదే అనుకోండి."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందనుకుని, పక్క సీట్లోని సీనియర్ ప్రోగ్రామరు దగ్గింది. ఆఫీసంతా ఆమెని అక్క అనే పిలుస్తారు.

పదకొండున్నరకి పంతొమ్మిది ఫైళ్లూ అయిపోయాయి. లీడరు చేతులు దులుపుకున్నాడు.

"ఇల్లలకగానే పండగ కాదండీ. ఎమర్జెన్సీ స్క్రీను తెరవండి," అందావిడ.

తెరిచారు. ఒక్క పేరూ లేదు.

లీడరుకి ముచ్చెమటలు పోశాయి. "ఈ స్క్రీను ఎవరు రాశారు?"

"మీరే సార్," అంది అక్క. "అర్జెంటని గోడ దూకి, స్క్రీన్లోంచే డేటాబేసులో చెయ్యి పెట్టారు."

ఆవిడ కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చుంది. "కంగారు పడకండి. ఆ ముక్క తీసి గోడ అవతల పెడదాం. ఇరవై నిమిషాల పని."

పదకొండు యాభై ఆరుకి తెర మీద పేర్లు బిలబిలమంటూ వచ్చాయి. ఆరుగురూ లేచి చప్పట్లు కొట్టారు. కట్టినది కళ్లముందు నిలబడితే కలిగే గర్వం ఏ జీతంతోనూ రాదు.

ఆవిడ సంతకం పెట్టి, అందరికీ నమస్కారం చెప్పి వెళ్లిపోయింది.

"ఇలాంటి మనిషి మన దగ్గరుంటేనా!" అన్నాడు లీడరు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నిజం చెప్పక్కా, ఆ గోడ మొదట కట్టిందెవరు?" అని అడిగాడు.

"ఆరేళ్ల కిందట ఇంటర్వ్యూకొచ్చిన ఒకావిడ సార్. నేను పెట్టిన పరీక్షలో రాసిన ప్రోగ్రామది. చక్కగా ఉందని, కొత్త స్క్రీను రాసినప్పుడల్లా దాన్నే కాపీ కొట్టుకున్నాం."

"మరి ఉద్యోగం ఇవ్వలేదా?"

"చిన్న పనికి రెండు ఫైళ్లా, ముక్కు ఏదంటే చెయ్యి తల చుట్టూ తిప్పి చూపిస్తోందని మీరే వద్దన్నారు. కాగితం చూశారు గానీ మొహం చూడలేదు."

లీడరు తల దించుకున్నాడు. "ఇప్పుడెక్కడుందో పాపం!"

అక్క గర్వంగా గుమ్మం వైపు చూసింది.

"మన ఆరుగురి ఉద్యోగాలూ నిలబెట్టి, ఇప్పుడే మెట్లు దిగి వెళ్లింది సార్."